చేత్తో చేసిన అలంకరణ అద్దాలు: ఏడు నెలలకే నల్ల మచ్చలు, ఎక్కడ తప్పు చేశాను?

ఉప్పుగాలి | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది లాసన్స్ బే కాలనీ. రెండేళ్లుగా ఇంట్లోనే అలంకరణ అద్దాలు చేస్తున్నాను, అంటే అద్దం షాపులో కోయించుకుని చుట్టూ ఫ్రేము నేనే చేసుకుంటాను, పాత టేకు ముక్కలతో కొన్ని, గవ్వలతో కొన్ని, ఈ మధ్య లక్క రంగులు కూడా మొదలుపెట్టాను. నెలకి మూడో నాలుగో అమ్ముడుపోతాయి, అంతకంటే ఎక్కువ చెయ్యలేను కూడా.

పోయిన దసరాకి ఎంవీపీ కాలనీలో ఒకావిడ మూడడుగులు బై రెండడుగుల అద్దం తీసుకున్నారు. మొన్న ఫోన్ చేసి "ఇది నా మొహం మీద మంగా, అద్దం మీద మంగా అని రోజూ తుడుచుకుంటున్నానమ్మా" అన్నారు. నవ్వొచ్చింది గానీ వెళ్లి చూశాక ఏడుపొచ్చింది. రూపాయి బిళ్లంత నల్ల మచ్చలు, లోపలి నుంచి వచ్చినవి, తుడిస్తే పోయేవి కావు. మావారు సముద్రం గాలి అంటున్నారు. షాపతను తన అద్దం మంచిదే అంటున్నాడు. ఆవిడ డబ్బులు వెనక్కి అడగలేదు, మార్చి ఇమ్మంటున్నారు. మార్చి ఇస్తాను, కానీ కారణం తెలియకుండా మళ్లీ అదే చేసి ఇస్తే వచ్చే దసరాకి మళ్లీ ఫోనే కదా. ఈ టెన్షన్‌తో చేతిలో ఉన్న ఇంకో రెండు ఆర్డర్లు కూడా ఆపేశాను.

బొర్రాగుహ | శుక్రవారం, రాత్రి 9:52

అక్కా, వైజాగ్‌లో ఏం పాడైనా ఉప్పుగాలే. మా స్కూటర్ సైలెన్సర్, మా బాల్కనీ గ్రిల్లు, ఇప్పుడు మీ అద్దం. మీ పేరు కూడా అదే పెట్టుకున్నారు, ఇంక ఎవర్ని అడుగుతారు.

మట్టిముద్ద | శుక్రవారం, రాత్రి 10:15

నేను గాజువాక. మా ఇంట్లో వాష్‌బేసిన్ అద్దం కూడా ఇలాగే నల్లబడింది, కాకపోతే అంచుల దగ్గర నుంచి మొదలై లోపలికి పాకింది. మీది కూడా అలాగేనా? అంచులు చూశారా?

ఉప్పుగాలి | శుక్రవారం, రాత్రి 10:21

అంచులు శుభ్రంగా ఉన్నాయి, అదే విచిత్రం. నాలుగు మూలలకి కాస్త లోపలగా ఒక్కొక్కటి, సరిగ్గా మధ్యలో ఒకటి. మొత్తం ఐదు.

గీత_కొట్టేవాడు | శనివారం, ఉదయం 6:35

నాది డాబాగార్డెన్స్ దగ్గర గ్లాసు షాపు, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అమ్మా, ఐదు మచ్చలు లెక్కగా వచ్చాయంటే అది గాలి పని కాదు. గాలికి లెక్కలు రావు. వెనక బోర్డుకి అద్దాన్ని ఏ జిగురుతో అంటించారు? ఎన్ని చోట్ల పెట్టారు?

ఉప్పుగాలి | శనివారం, ఉదయం 7:10

అయ్యో. ఐదు చోట్ల. నాలుగు మూలలా, మధ్యలో ఒకటి. సిలికాన్ ట్యూబు, గన్‌తో ఒత్తేది. బాత్రూమ్‌లో టైల్సు సందులకి వాడగా మిగిలింది ఉంటే అదే వాడేశాను.

గీత_కొట్టేవాడు | శనివారం, ఉదయం 7:18

ఒత్తినప్పుడు వెనిగర్ లాగా పుల్లటి వాసన ముక్కుకి కొట్టిందా?

ఉప్పుగాలి | శనివారం, ఉదయం 7:19

గది మొత్తం అదే వాసన.

గీత_కొట్టేవాడు | శనివారం, మధ్యాహ్నం 2:40

అయితే దొంగ దొరికాడు. అన్నం తిని తీరిగ్గా రాస్తున్నా.

అద్దం అంటే మనకి కనిపించేది గాజు, కానీ మొహం చూపించేది గాజు వెనకున్న వెండి. ఆ వెండి పొర మందం వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. దాన్ని కాపాడటానికి దాని మీద రాగి పూత వేసేవాళ్లు, ఇప్పుడు రాగి లేకుండా కూడా చేస్తున్నారు, ఆ పైన పెయింట్. మీరు వెనక్కి తిప్పితే కనిపించేది ఆ పెయింటే. పుల్ల వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. టైల్సుకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దాని తప్పేం లేదు. అద్దం వెనక పెట్టి పైన బోర్డు మూసేస్తే మాత్రం ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక పెయింట్‌లోంచి దిగి వెండిని తినేస్తుంది. ఒక్కరోజులో తెలియదు, నెలలు పడుతుంది. జిగురు ముద్ద ఏ ఆకారంలో ఉందో మచ్చ అదే ఆకారంలో వస్తుంది.

ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది వాడాలి. దానికి ఆ పులుపు వాసన ఉండదు, రేటు కాస్త ఎక్కువ. అది కూడా ముద్దలుగా కాదు, నిలువు గీతలుగా పెట్టాలి, మధ్యలో గాలి ఆడేలా. అసలు ఫ్రేముకి గాడి బాగా తీసి అద్దాన్ని అందులో కూర్చోబెట్టి వెనక చిన్న చెక్క పట్టీలతో ఆపితే జిగురే అక్కర్లేదు. పాతకాలం వడ్రంగులు అలాగే చేసేవాళ్లు.

ఇంకో మాట. మీవారు చెప్పిన ఉప్పుగాలి పూర్తిగా అబద్ధం కాదు. అది అంచుల నుంచి వస్తుంది. కోసిన చోట వెండి అంచు బోసిగా ఉంటుంది, తేమ అక్కణ్నుంచే దూరుతుంది. గాజువాక తమ్ముడి అద్దానికి జరిగింది అదే. కోయించాక అంచు చుట్టూ ఒక పూత పెయింటో వార్నిషో రాయండి, ఏమీ లేకపోతే రంగులేని నెయిల్ పాలిష్ అయినా సరే. తుడిచేటప్పుడు అద్దం మీద నీళ్లు కొట్టొద్దు, గుడ్డ తడిపి తుడవాలి, లేకపోతే నీళ్లు కిందికి కారి కింది అంచులో నిలబడతాయి. ఏ ఇంట్లో చూసినా కింది అంచే ముందు నల్లబడేది అందుకే.

బొర్రాగుహ | శనివారం, మధ్యాహ్నం 2:58

అన్నయ్యా, గాలి మీద వేసిన నా నింద వెనక్కి తీసుకుంటున్నా. సైలెన్సర్ కేసు మాత్రం అలాగే ఉంటుంది.

టోలెన్స్_మామ | శనివారం, సాయంత్రం 4:05

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ని, అద్దం మాట వింటే ఆగలేను. ఇంటర్, డిగ్రీ చదివిన వాళ్లకి గుర్తుండాలి, టోలెన్స్ పరీక్ష. సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలిపి, గ్లూకోజు వేసి, పరీక్షనాళికని వేడినీళ్లలో పెడితే కాసేపటికి లోపలి గోడంతా వెండి అద్దం అయిపోతుంది. జర్మనీలో లీబిగ్ 1835లో చూపించిన పద్ధతికి ఇదే మూలం. అంతకుముందు యూరప్‌లో గాజు వెనక తగరం, పాదరసం కలిపి వేసేవాళ్లు, ఆ పాదరసం ఆవిర్లు పీల్చి పనివాళ్లు రోగాల పాలయ్యేవాళ్లు. వెనిస్ దగ్గర మురానో దీవి అద్దాలంటే రాజులు ఎగబడేవాళ్లు కదా, ఆ మెరుపు వెనక ఉన్నది ఈ విషమే.

యూట్యూబ్ చూసి ఎవరైనా ఇంట్లో వెండి పూత వేద్దామనుకుంటే ఒక్క హెచ్చరిక. ఆ ద్రావణాన్ని సీసాలో పోసి రేపటికి దాచొద్దు. నిలవ ఉంచినా, ఎండిపోయినా పేలే పదార్థం తయారవుతుంది. మా ల్యాబులో పని అయిన వెంటనే సజల ఆమ్లం పోసి పారబోయించేవాణ్ని, పిల్లలు నా చాదస్తం అనుకునేవాళ్లు.

మట్టిముద్ద | శనివారం, సాయంత్రం 5:30

మామయ్యా, అయితే ఒక డౌటు, గొడవ పెట్టడానికి కాదు. షాపులో అద్దం కొని చుట్టూ ఫ్రేము చేస్తే దాన్ని చేత్తో చేసిన అద్దం అనొచ్చా? చేత్తో చేసిన ఫ్రేము అనాలి కదా. నేను లిప్పన్ అనే కచ్ మట్టి పని చేస్తాను, ప్రతి చిన్న అద్దం ముక్కా మట్టి గీతల మధ్య చేత్తో అతికిస్తాను, అయినా నాకే అలా చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగా ఉంటుంది.

ఉప్పుగాలి | శనివారం, సాయంత్రం 6:02

తమ్ముడూ, గుచ్చావు. నిజమే, గాజు నేను పొయ్యలేదు, వెండి నేను వెయ్యలేదు. కానీ ఆ ఐదు మచ్చలు మాత్రం అచ్చంగా నా చేతి పనే కదా, ఇప్పుడే తెలిసింది.

గీత_కొట్టేవాడు | శనివారం, సాయంత్రం 6:30

హహ్హ. అలా అయితే నా పని కూడా లెక్కలోకి రావాలి. గాజు మీద కట్టర్ లాగడం ఒక్కసారే, కిరసనాయిలు చుక్కలో చక్రం ముంచి, స్కేలు ఆనించి, పై చివర నుంచి కింది చివర దాకా ఒకే ఒత్తిడితో. సన్నగా బియ్యం చెరిగినట్టు చప్పుడు రావాలి. కిర్రుమంటే ఎక్కువ నొక్కినట్టు, ఏ చప్పుడూ లేదంటే పడనట్టు. పడలేదు కదా అని గీత మీద గీత లాగావో చక్రం పోతుంది, గాజు దానికి నచ్చిన చోట విరుగుతుంది. కొత్త కుర్రాళ్లు మొదటి ఆరు నెలలూ చేసే తప్పు ఇదే. అద్దాన్ని గాజు వైపు నుంచే కొయ్యాలి, పెయింట్ వైపు నుంచి కాదు. గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో కోసి అంచు ఏటవాలుగా పాలిష్ పట్టాలంటే అదొక పెద్ద పని, కస్టమరు మాత్రం అరగంటలో ఇమ్మంటాడు.

పాతపోస్టాఫీసు | శనివారం, రాత్రి 8:45

మీ కబుర్లు రెండు రోజులుగా చదువుతున్నాను. మా ఇల్లు పాతపోస్టాఫీసు దగ్గర, పుట్టి పెరిగింది అక్కడే. ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఇంకా ఎత్తలేదు. అందరూ కచ్ అంటారు, వెనిస్ అంటారు, జైపూర్ శీష్‌మహల్ అంటారు. అలంకరణ అద్దాలకి ప్రపంచంలో పేరు పడ్డ ఊళ్లలో మన విశాఖపట్నం ఒకటి.

18వ శతాబ్దంలో ఇక్కడి కంసాలులు, వడ్రంగులు దంతం పొదిగిన సామాన్లు చేసేవాళ్లు. ఇంగ్లీషు దొరల ఆర్డర్లు. పెట్టెలు, రాత బల్లలు, కుర్చీలు, వాటితో పాటు బల్ల మీద పెట్టుకునే అద్దాలు. కింద చిన్న చిన్న సొరుగులు, పైన రెండు స్తంభాల మధ్య ముందుకీ వెనక్కీ వంచుకునే అద్దం. టేకు, నల్లవిరుగుడు లాంటి చెక్క మీద దంతం పలకలు అతికి, వాటి మీద సన్నటి ములుకుతో పూలతీగలు, భవనాలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి తుడిచేసేవాళ్లు. గీతలో ఉన్నది ఉండిపోతుంది, పైన ఉన్నది పోతుంది. దూరం నుంచి చూస్తే కాగితం మీద సిరాతో గీసినట్టు ఉంటుంది. ఆ పూలతీగలు ఎక్కడివంటే మన కోరమండల్ తీరం అద్దకపు బట్టల మీదవి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇక్కడి పనితనం ఇప్పటికీ ఉంది, పక్కన విజాగపటం అని రాసి.

దంతం ఇప్పుడు వాడకూడదు, వాడాలని అనడం లేదు కూడా. ఏనుగులు బతకాలి. కానీ గీతలో లక్క నింపే పద్ధతికి ఏనుగుతో పనేముంది? తెల్లటి చెక్క మీద చేసుకోవచ్చు, ఎముక మీద చేసుకోవచ్చు. అమ్మాయి లక్క పని మొదలుపెట్టానని రాసింది కాబట్టి చెబుతున్నా. అరచేతిలో రేగుపండు చూసుకోవడానికి అద్దం ఎందుకు, ఊళ్లో ఉన్నదాన్ని వదిలి బయట వెతకడం ఎందుకు.

ఉప్పుగాలి | శనివారం, రాత్రి 9:12

మాస్టారూ, ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను, ఒక్క ముక్క తెలియదు నాకు. ఇప్పుడే ఫోన్లో ఆ బొమ్మలు వెతికి చూస్తున్నాను, కళ్లు తిప్పుకోలేకపోతున్నాను.

లక్కపిడత | శనివారం, రాత్రి 10:20

అక్కా, లక్క అన్నారు కాబట్టి నేనూ వచ్చాను. మా అత్తగారిది ఏటికొప్పాక, యలమంచిలి మండలం. మీరు ఫ్రేము మీద లక్క ఎలా వేస్తున్నారు, బ్రష్‌తోనా?

ఉప్పుగాలి | శనివారం, రాత్రి 10:26

అవును, చపడా రేకులు స్పిరిట్‌లో కరిగించి బ్రష్‌తో. వానాకాలంలో అక్కడక్కడా తెల్లగా పాలిపోతోంది.

లక్కపిడత | శనివారం, రాత్రి 10:58

అదీ లక్కే, కానీ అది వడ్రంగుల ఫ్రెంచ్ పాలిష్ పద్ధతి. గాల్లో తేమ ఎక్కువున్న రోజు వేస్తే తెల్లగా పాలిపోతుంది, ఎండ ఉన్న రోజు పొడి గదిలో వెయ్యండి, పూత పల్చగా ఉండాలి.

ఏటికొప్పాకది వేరు. అంకుడు కర్రని లేత్ మిషన్ మీద గిర్రున తిప్పుతూ రంగు లక్క కడ్డీని దానికి ఒత్తి పట్టుకుంటారు. పొయ్యి లేదు, నిప్పు లేదు, రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమితే ఆ మెరుపు వస్తుంది. మా మావయ్య చేస్తుంటే పక్కన కూర్చుంటే కాలిన జిగురు వాసన, ఎగిరే చెక్కపొట్టు, ఒళ్లో అంతా ఎర్రటి పొడి. రంగులకి పసుపు, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటివి వాడతారు. 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిక్కేమిటంటే ఇది తిరిగే వస్తువుకే కుదురుతుంది. పలకగా ఉన్న ఫ్రేము తిరగదు కదా. గుండ్రటి చేతి అద్దానికి చట్రం, పిడి అయితే హాయిగా చేస్తారు. పెద్ద ఫ్రేము కావాలంటే ఒక ఉపాయం ఉంది, లక్క వేసిన కడ్డీలని నిలువునా సగానికి కోయించి, చదును వైపు జిగురుతో ఫ్రేము చుట్టూ వరసగా అతికించడమే. కోసేటప్పుడు రంపం వేడికి లక్క అంచు కరగకుండా నెమ్మదిగా కొయ్యాలి. మావయ్య ఒకరికి చేసిచ్చారు, బాగానే వచ్చింది.

మట్టిముద్ద | ఆదివారం, ఉదయం 8:05

బాగుంది. మరి నా గొడవ కూడా వినండి. లిప్పన్ అంటే కచ్‌లో భుంగాలనే గుండ్రటి ఇళ్ల గోడల మీద ఆడవాళ్లు మట్టిలో పేడ కలిపి చేసే పని. అద్దం ముక్కలు పెట్టేది ఒక్క దీపం వెలిగించినా గది నిండా వెలుగు చెదరడానికి. అక్కడ ఎండ, పొడి గాలి. ఇక్కడ నేను ఎండీఎఫ్ బోర్డు మీద చేసి అమ్మాను, జులై వచ్చేసరికి బోర్డు అప్పడంలా ఉబ్బింది, మట్టి గీతలు పెచ్చులూడాయి. మూడు వెనక్కి తీసుకున్నా. ఇప్పుడు అన్నీ నీటికి తట్టుకునే మెరైన్ ప్లై మీదే, ఐఎస్ 710 ముద్ర చూసి కొంటున్నా. బరువు ఎక్కువ, లాభం తక్కువ, నిద్ర మాత్రం పడుతోంది.

గీత_కొట్టేవాడు | ఆదివారం, ఉదయం 9:20

బరువు అంటే గుర్తొచ్చింది. గాజు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కేజీలు. అమ్మ చేసిన మూడు బై రెండు అద్దం ఐదు ఎంఎం అయితే ఉత్త గాజే ఏడు కేజీలు. దాన్ని ఒక్క మేకు మీద వేలాడదీసే మహానుభావులున్నారు. 45 డిగ్రీలు ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు, ఒకటి గోడకి, ఒకటి ఫ్రేముకి, ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. పైగా అలా తగిలిస్తే గోడకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంటుంది, గోడ చెమ్మ అద్దానికి తగలదు.

నిలువెత్తు అద్దం కావాలని వచ్చేవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి. తల నుంచి పాదాల దాకా కనిపించడానికి మనిషి ఎత్తులో సగం అద్దం చాలు, సరైన ఎత్తులో తగిలిస్తే. ఇది చెప్పి నేనే బేరాలు పోగొట్టుకున్నా.

టోలెన్స్_మామ | ఆదివారం, ఉదయం 10:02

చేత్తో చేసిన అద్దం మాటకొస్తే, అక్షరాలా ఆ పేరుకి తగ్గది కేరళలో ఉంది, ఆరన్ముళ కన్నాడి. దాన్లో గాజే లేదు. రాగి, తగరం కలిపి పోత పోసి రోజుల తరబడి నున్నగా రుద్దుతారు, పాళ్లు ఆ కుటుంబాలు బయటికి చెప్పవు. మామూలు అద్దం మీద వేలి కొన ఆనించండి, వేలికీ దాని నీడకీ మధ్య గాజు మందం వల్ల కాస్త ఖాళీ కనిపిస్తుంది. ఆరన్ముళ అద్దంలో రెండు వేళ్లూ ఒకదాన్నొకటి తాకుతాయి. నేను ఒకసారి చూశాను, ఆ వేలు తీయబుద్ధి కాలేదు.

ఉప్పుగాలి | ఆదివారం, సాయంత్రం 5:15

తెచ్చి విప్పాను. వెనక బోర్డు మేకులు పీకి పైకెత్తగానే, ఏడు నెలలయినా సరే, సన్నగా అదే పుల్ల వాసన. సిలికాన్ ముద్దని గోరుతో లాగితే దాంతోపాటు బూడిద రంగు పెయింట్ పొరలా లేచి వచ్చింది, కింద వెండి లేదు, పట్టుకుంటే అవతల నా వేలు కనిపించింది. ఒక ముద్దని నేను అప్పుడు వేలితో కాస్త పక్కకి లాగినట్టున్నాను, ముందు వైపు మచ్చకి కూడా అదే తోక ఉంది. అంత స్పష్టంగా నా వేలిముద్ర.

ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను, గాలి మీదికి నెట్టలేదు. కొత్త అద్దం వేస్తున్నాను. ఫ్రేము గాడి మూడు మిల్లీమీటర్లు లోతు పెంచాను, జిగురు లేదు, వెనక ఆరు చెక్క పట్టీలు. అంచుకి వార్నిష్ రెండు పూతలు. అమ్మిన మిగతా వాళ్లందరికీ కూడా ఫోన్లు చేస్తున్నాను. ఆ ట్యూబుతో అంటించినవి మొత్తం తొమ్మిది, ఇప్పటికి నలుగురితో మాట్లాడాను. ఒకరింట్లో మచ్చ మొదలైందట, వాళ్లేమో అద్దం పాతకాలం లుక్కు వచ్చిందని మురిసిపోతున్నారు. ఏం చెప్పాలో తెలియలేదు.

బొర్రాగుహ | ఆదివారం, సాయంత్రం 5:22

వాళ్ల దగ్గర ఇంకో ఐదొందలు తీసుకోండక్కా.

పాతపోస్టాఫీసు | ఆదివారం, సాయంత్రం 6:40

అమ్మాయీ, ఫ్రేము మీద లక్క గీతలు ప్రయత్నించావా?

ఉప్పుగాలి | ఆదివారం, సాయంత్రం 6:55

మధ్యాహ్నం ఒక చిన్న పాల చెక్క ముక్క మీద కూర్చున్నాను మాస్టారూ. గీత చెక్కడం వచ్చింది, నల్ల లక్క నింపి తుడిస్తే చెక్క కూడా నల్లబడిపోయింది. దంతం అంతగా పీల్చదు, చెక్క బాగా పీల్చేస్తుంది.

లక్కపిడత | ఆదివారం, సాయంత్రం 7:08

చెక్కకి ముందు రంగులేని లక్క రెండు పూతలు వేసి ఆరనిచ్చి, ఆ తర్వాత గీత చెక్కండి. అప్పుడు రంగు గీతలోనే ఆగుతుంది. తుడవడం కాకుండా సన్నటి గరుకు కాగితంతో పైపైన రుద్దండి. వచ్చే వారం ఏటికొప్పాక వెళ్తున్నాను, రంగు కడ్డీలు నాలుగు తెస్తాను.

మట్టిముద్ద | ఆదివారం, రాత్రి 8:30

అక్కా, ఆ పాడైన అద్దం పారేయొద్దు. ఐదు మచ్చలు వదిలేసినా మిగతాదాంట్లో నాకు కొన్ని వందల చిన్న ముక్కలు వస్తాయి. పూర్ణా మార్కెట్ వైపు ఎప్పుడైనా వస్తారా?

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 8:41

బుధవారం వస్తాను. సంచిలో పెట్టి తెస్తే సరిపోతుందా?

గీత_కొట్టేవాడు | ఆదివారం, రాత్రి 8:44

సంచిలో వద్దమ్మా. పాత దుప్పట్లో చుట్టి, నిలువుగా పట్టుకుని, ఆటోలో రండి.